లైటర్ కొట్టిన మెరుపులు

ఆమె అతని సంచిలో కేబుల్ చుట్ట పెట్టింది. తీసింది. మళ్లీ అడుగున పెట్టి, మీద బ్యాటరీలు సర్దింది.

వానాకాలమంతా కొండమీది షెడ్డులో ఉండి మెరుపుల్ని రికార్డు చేయబోయేది అతను. ఆ రికార్డుల్ని ఇక్కడ ల్యాబులో కూర్చుని చదివేది ఆమె. ఇద్దరివీ పక్కపక్క బల్లలు.

"ఇంకెన్నిసార్లు సర్దుతారు మేడం? కింద జీపు హారన్ కొడుతోంది."

"కొట్టనివ్వండి. ఏదో ఒకటి మర్చిపోయి, తర్వాత ఫోన్లో నా ప్రాణం తోడేది మీరేగా!"

కిందటి వారం పోరు ఇంకా చల్లారలేదు. పరీక్ష కోసం, మెరుపుల రేడియో తరంగాల్ని పట్టే యాంటెనా మేడమీద పెట్టినప్పుడు, మెరుపుల మధ్య అచ్చుగుద్దినట్టు ఒకేలాంటి చిన్న పల్స్‌లు వరుసగా పడ్డాయి. ఎవరికీ దొరకనిది తనకు దొరికిందని ఆమె గాల్లో తేలిపోయింది. తీరా చూస్తే, మబ్బు పట్టినప్పుడల్లా అతను యాంటెనా పక్కనే టీ పెట్టుకున్నాడు. గ్యాస్ లైటర్ టిక్కుమన్న ప్రతిసారీ ఆ నిప్పురవ్వ రికార్డుకెక్కింది.

"టీ మెరుపు!" అతను నవ్వాడు. "మీరు తప్ప ఇంకెవరు కనిపెట్టగలరు?"

"నవ్వండి, నవ్వండి. కొండమీద ఎన్ని టీలు తాగారో ఇక్కణ్నుంచే చెప్తా."

అతని నవ్వు ఆగింది. "మరి నేనడిగినదానికి?"

మొన్న వానలో తడుస్తూ వచ్చి, మెట్లమీద నిలబెట్టి, "పెళ్లి చేసుకుందామా?" అన్నాడు. ఆమె "చూద్దాం" అంది. అలా ఎందుకందో ఆమెకే తెలీదు.

ఇప్పుడూ మాట దాటేసింది. "అసలు మెరుపు కిందికి దిగే ముందు మబ్బులో చిన్న చిన్న పల్స్‌లు ఎందుకొస్తాయంటారు?"

"లోపల దారి తెరుచుకుంటుందన్నమాట. రెప్పపాటు కూడా పట్టదు."

"ఒక్కోసారి అవి వచ్చి కూడా మెరుపు దిగదుగా?"

"దిగదు. ఎందుకాగిపోతుందో చూద్దామనే పోతున్నా." సంచి భుజాన వేసుకుని మెట్లు దిగాడు.

ఆమె పిట్టగోడ దగ్గరికి పరుగెత్తింది.

"ఏమండోయ్!"

"మళ్లీ ఏం మర్చిపోయాను?"

"మీ అమ్మగారికి చెప్పడం! కోడలు సరేనందని చెప్పండి!"

జీపు డ్రైవరు హారన్‌మీద చెయ్యి తీయలేదు. అతను మాత్రం అక్కడే నిలబడి వాళ్లమ్మకి ఫోన్ కలిపి, రెండేసి మెట్లెక్కి వచ్చి ఆమె చేతికిచ్చాడు.

"ఇన్నేళ్లు వీడితో నేను వేగాను, ఇక నీ వంతు తల్లీ," అంది అవతల ఆవిడ. "వానలు వెలిశాక పెళ్లి."

ఆ వానాకాలమంతా కొండమీంచి రికార్డులు వచ్చాయి.

"నిన్న మూడు టీలు!" అనేది ఆమె ఫోన్లో.

"నాలుగు. ఒకసారి పొయ్యి అగ్గిపుల్లతో వెలిగించా. పట్టుకోలేకపోయావుగా!"

మీరు ఎప్పుడు నువ్వయిందో ఇద్దరూ గమనించలేదు. మెరుపు ఎందుకాగిపోతుందో మాత్రం ఇద్దరికీ అంతు చిక్కలేదు.

"ఇంక ఆగడం నా వల్ల కాదు, వచ్చేస్తున్నా," అన్నాడొక పొద్దున. వానలు పూర్తిగా వెలియకముందే బయల్దేరాడు. కొండ కింది వాగులో జీపు కొట్టుకుపోయింది. డ్రైవరు ఈదుకుంటూ ఒడ్డుకొచ్చాడు.

అతను తిరిగి రాలేదు. అది అక్టోబరు పన్నెండు, మంగళవారం.