కదిలే బటన్లు

పొద్దున్నే ఆ ఇంట్లో ఒకటే హడావుడి. కూతురు తయారుచేసిన మొబైల్ యాప్‌ని తండ్రి తొలిసారి వాడబోతున్నాడు. అమ్మ కాఫీ కలుపుతూ నిమిషానికోసారి హాల్లోకి తొంగిచూస్తోంది. తండ్రి మాత్రం నున్నగా తల దువ్వించుకుని, పరీక్షకి వెళ్ళే పిల్లాడిలా కుర్చీలో సిద్ధంగా కూర్చున్నాడు.

ఆయనకి సెలూన్ ఉంది. కత్తెర కన్నా నోరే ఎక్కువ ఆడుతుందని వీధి వీధంతా ఆయన్ని రేడియో అని పిలిచేది. పక్షవాతం వచ్చాక ఆ రేడియో మూగబోయింది. మాట పూర్తిగా పోలేదు కానీ, ఒక్కో మాట కోసం చాలాసేపు తడుముకోవాలి. అంతసేపు ఆగే ఓపిక ఇంట్లో ఎవరికుంది? అందరికీ ఆయనంటే ప్రాణమే, అందుకే ఆయన నోరు తెరవగానే తలా ఒక మాట అందించేస్తారు. ఆయన విసిగిపోయి నోరు మూసుకుంటాడు.

యాప్‌లో పెద్ద గొడవేం లేదు. పైన ప్రశ్న వస్తుంది, కింద రెండు పెద్ద బటన్లు. ఎడమవైపు ‘సరే’, కుడివైపు ‘వద్దు’; నొక్కిన మాటని ఫోను పైకి పలుకుతుంది. ప్రశ్న మారినప్పుడల్లా రెండూ ఎడమ అంచు నుంచి జారుతూ వచ్చి తమ తమ చోట నిలబడతాయి. నాన్నది నిదానం కదా అని కూతురు ఆ జారుడుని బాగా నెమ్మది చేసింది.

“కాఫీ తాగుతావా నాన్నా?”

“సరే” అంది ఫోను.

“ఫ్యాన్ ఆపనా?”

“వద్దు.”

“అమ్మని ఓ పాట పాడమందామా?”

ఆయన భార్య వైపు కొంటెగా చూసి, బటన్లు నిలబడేదాకా ఆగి మరీ ‘వద్దు’ నొక్కాడు. “బాగుందే నీ యాపు! కాపురంలో చిచ్చు పెట్టేలా ఉంది!” అంది అమ్మ, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటూ.

అప్పుడే కొడుకు లోపలికొచ్చాడు. జుట్టు మెడ దిగి భుజాల మీద పడుతోంది. పుట్టిన దగ్గర్నుంచీ నాన్న తప్ప ఇంకెవరూ అతని తల మీద కత్తెర పెట్టలేదు.

“నేనూ ఒకటి అడుగుతా” అన్నాడు. “నాన్నా, సెలూన్ అద్దెకి ఎవరో అడుగుతున్నారు. ఇవాళ మాట చెప్పాలి. ఇచ్చేద్దామా?”

కూతురికి ఆ ప్రశ్న నచ్చలేదు. అయినా ప్రశ్న టైపు చేసింది. బటన్లు ఇంకా జారుతూనే ఉన్నాయి, తండ్రి వేలు టక్కున వాటి మీద పడింది.

“సరే” అంది ఫోను.

“అయిపోయింది. నాన్నే ఒప్పుకున్నాడు” అంటూ కొడుకు జేబులోంచి తన ఫోను తీశాడు.

తండ్రి తల అడ్డంగా ఊపాడు. “క... క...”

“కాఫీ చల్లారిందా?” అంది అమ్మ. “ఏవండీ, కళ్ళజోడా?”

“కంగారు పడకు నాన్నా, అన్నీ నేను చూసుకుంటాగా” అన్నాడు కొడుకు.

ఆయన కుర్చీ చేతి మీద దబ్బున కొట్టాడు. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

“ఆయన మొహం చూడు అన్నయ్యా! ఒప్పుకున్న మొహమేనా అది?”

“చెప్పింది నీ యాపే కదా! పాట వద్దంటే నమ్మావు, ఇది నమ్మవా?” కొడుకు గొంతు పెరిగింది. “నాకేమన్నా సరదానా? రోజూ ఆ షట్టర్ ముందు నుంచే వెళ్ళాలి. ఆ తాళం చూస్తే ప్రాణం ఉసూరుమంటోందే!”

“ఆగండి! ఎవ్వరూ మాట్లాడొద్దు!” అని గట్టిగా అరిచి, కూతురు తండ్రి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. “నువ్వు చెప్పు నాన్నా. ఎంతసేపైనా సరే.”

“క...ద...” అన్నాడాయన. అమ్మ ఏదో అనబోయి చేత్తో నోరు నొక్కుకుంది. ఆయన నుదుట చెమట పట్టింది. “కదు...లు...తోంది.”

కూతురు ఒక్క గెంతు గెంతింది. “బటన్! బటన్ కదులుతోంది! అయ్యో నాన్నా, ఇందాకట్నుంచి నువ్వు చెబుతోంది ఇదా!”

‘వద్దు’ తన చోటికి వెళ్ళాలంటే ‘సరే’ ఉండే చోటు దాటాలి. కంటికి కనిపించేది దారిలో ఉన్న బొమ్మే. యాప్ మాత్రం బటన్లు మొదటి నుంచీ చివరి చోటే ఉన్నట్టు లెక్కేస్తుంది. నాన్న ‘వద్దు’ మీదే వేలు పెట్టాడు, అది ‘సరే’ కింద జమపడింది. తను ప్రేమకొద్దీ నెమ్మది చేసిన కొద్దీ పొరపాటుకి చోటు పెరిగింది. ఆయన మాట నిదానమే కానీ, జవాబు మాత్రం ఎప్పుడో సిద్ధంగా ఉంది.

ఆమె లాప్‌టాప్ ముందు కూర్చుంది. జారే సమయం తగ్గించింది. కదలిక ముగిసిందని కబురు వచ్చేదాకా ఏ బటనూ పనిచేయకుండా కట్టేసింది. ఆమె మొహం వెలిగిపోతోంది. “ఇప్పుడు అడుగు అన్నయ్యా!”

“ఇచ్చేద్దామా నాన్నా?”

“వద్దు!” అంది ఫోను, ఇల్లంతా వినపడేలా.

కొడుకు తన ఫోను జేబులో పెట్టేశాడు. “ఎందుకు నాన్నా?” అని అడిగి, ఈసారి నోరు మెదపకుండా ఆగాడు.

“నీ... జుట్టు...” తండ్రి ఊపిరి పీల్చుకున్నాడు. “నేనే... కత్తిరించాలి.”

కాఫీలు ఎవరూ తాగలేదు. కాసేపట్లో సెలూన్ షట్టర్ గరగరమంటూ పైకి లేచింది. తండ్రి ఎడమ చేత్తో కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు, వెనక నుంచి అమ్మ ఆయన నడుం పట్టుకుంది. కుడి చేతిలో కత్తెర వణికింది, తర్వాత తెరుచుకుంది. జుట్టు పాయ ఒకటి వంకరగా తెగి ఒళ్ళో పడింది. అద్దంలో అది చూసి కొడుకు వెక్కివెక్కి ఏడ్చాడు, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

“కదలకు!” అన్నాడు తండ్రి, ఎక్కడా తడుముకోకుండా.