దారి రాసినవాడు

"ఈ కాగితాలు రాసినవాడెవడో నా చేతికి దొరకాలి. వీటిని వాననీళ్ళలో నానబెట్టి వాడిచేతే తినిపిస్తాను!"

సత్రం తలుపు తోసుకుని వచ్చిన అమ్మాయి అన్న మొదటి మాట అది. మోకాళ్ళ దాకా బురద. టోపీ అంచు నుంచి కారుతున్న నీళ్ళు. చలికో కోపానికో ఎర్రబడ్డ ముక్కు. ఆమె గుప్పిట్లో నలిగిపోయిన కాగితాలను చూడగానే నాకు సూపు కాస్తా గొంతుకి అడ్డం పడింది.

ఎందుకంటే వాటిని రాసింది నేనే.

ఐదేళ్ళ క్రితం, ఇరవై రెండేళ్ళ వయసులో, ఎండ బాగా కాసిన ఒక జూన్ నెలలో యార్క్‌షైర్ లోయలన్నీ తిరిగి రాశాను. మా కంపెనీ చిన్నది. పల్లెటూరి సత్రాల్లో గదులు మాట్లాడిపెడతాం. పెట్టెల్ని వ్యానులో తర్వాతి ఊరికి చేరవేస్తాం. చేతిలో ఒక మ్యాపు, దారి వివరాలు పెడతాం. ఇక నడక వాళ్ళది. వెంట గైడు ఉండడు, నా వాక్యాలే దిక్కు. ఈమధ్య ఫిర్యాదులు ఎక్కువయ్యేసరికి మా మేనేజరమ్మ, "నువ్వే వెళ్ళి నడిచి సరిచేసుకురా" అని నన్ను తరిమింది.

"రెండు గోడలు దాటాక ఎడమకి తిరగాలట! మూడున్నాయి నాన్నా, మూడు! మనం తిరిగింది ఎద్దున్న పొలంలోకి!"

"ఎద్దు మంచిదేనమ్మా," అన్నాడు ఆమె వెనకాలే వచ్చిన పెద్దాయన, తీరిగ్గా బూట్ల లేసులు విప్పుకుంటూ. "మనల్ని చూసి అదే జడుసుకుంది. రాసినాయన మాత్రం? మనిషేగా పాపం."

సత్రం నడిపే మిసెస్ ఓల్డ్‌రాయిడ్ ఇద్దరినీ సరాసరి నా బల్ల దగ్గరికే తోలుకొచ్చింది. "ఇక్కడ కూర్చోండి తల్లీ, పొయ్యి దగ్గర వెచ్చగా ఉంటుంది. ఈ అబ్బాయి ఏమీ అనుకోడు."

ఆ అమ్మాయి నా పక్కనున్న కాగితాలు చూసింది. "అయ్యో! మీరూ వీటినే నమ్ముకుని బయల్దేరారా?"

నిజం చెప్పేయాల్సింది అప్పుడే. కానీ ఆమె ముక్కు కొనమీద ఒక చినుకు, జారనా వద్దా అన్నట్టు వేలాడుతోంది. దాన్ని చూస్తూ, "అవునండీ. ఘోరంగా ఉన్నాయి," అనేశాను.

"చూశావా నాన్నా! తెలివైన మనిషి ఒకరు దొరికారు."

చినుకు జారింది. నేనూ జారాను.

ఆమె పేరు బ్రయొనీ. లీడ్స్‌లో పశువుల ఆసుపత్రిలో నర్సు. తండ్రి క్లిఫర్డ్ ఆక్రాయిడ్, రైల్వేలో ముప్పై ఎనిమిదేళ్ళు సిగ్నల్‌మన్‌గా చేసి పోయిన నెలే రిటైరయ్యాడు. "ఇన్నేళ్ళూ కేబిన్‌లో కూర్చుని, పోయే వాళ్ళందరినీ పంపించాను బాబూ. ఇప్పుడు నేను పోతున్నాను," అన్నాడు నవ్వుతూ. నా పేరు రూఫస్ అని చెప్పాను. ఇంటిపేరు చెప్పలేదు.

మర్నాడు ముగ్గురం కలిసే నడిచాం. వాన వెలిసింది. క్లిఫర్డ్ నా కాగితాలను పైకి చదువుతూ, ఒక్కో వాక్యం పూర్తయ్యాకే అడుగు ముందుకు వేస్తున్నాడు. తప్పున్న చోటల్లా నేను ఒక అడుగు ముందుండి, "ఇటేమోనండీ" అంటున్నాను.

"మీకెలా తెలుస్తోంది?" అంది బ్రయొనీ అనుమానంగా.

"ఊహించాను."

"ఏడుసార్లు ఊహించారు. ఏడుసార్లూ కరెక్టే. పైగా ఆ నోటుబుక్కులో గంటకోసారి ఏదో గీకుతున్నారు. కవా మీరు?"

"అబ్బే."

"అంటే కవే. మొహమాటపడుతున్నారు."

మధ్యాహ్నం ఒక పచ్చికలో గొర్రె ఒకటి వెల్లకిలా పడి, నాలుగు కాళ్ళూ గాల్లో కొట్టుకుంటోంది. బొచ్చు తడిసి బరువెక్కితే వాటంతటవి లేవలేవు. బ్రయొనీ సంచీ పడేసి పరిగెత్తింది. "రూఫస్, అటు పట్టుకోండి! బొచ్చు కాదు, తొడ కింద! ఇప్పుడు తొయ్యండి!"

తోశాను. గొర్రె లేచింది. నేను పడ్డాను. పరుగుతీస్తూ అది నా ఛాతీమీద ఒక కాలు కూడా వేసి పోయింది.

బ్రయొనీ నవ్వింది. పొట్ట పట్టుకుని, గోడకి ఆనుకుని, కళ్ళనీళ్ళు తిరిగేలా నవ్వింది. తర్వాత వచ్చి చెయ్యిచ్చి లేపింది. లేచాక కూడా ఆ చెయ్యి ఒక్క క్షణం అక్కడే ఉంది. క్లిఫర్డ్ కాగితాల్ని మొహానికి అడ్డం పెట్టుకుని, "మంచి వాక్యం ఇది, మళ్ళీ చదువుతాను," అన్నాడు.

ఆ సాయంత్రమే చెప్పేద్దామనుకున్నాను. పొద్దున్నే చెబుదామని వాయిదా వేశాను. పొద్దున నేను కిందికి దిగేసరికి, రెండో సత్రం కౌంటర్ మీదున్న రిజిస్టర్ ముందు బ్రయొనీ నిలబడి ఉంది. ఆమె ఒక వేలు 'రూఫస్ మెట్‌కాఫ్' అన్న నా సంతకం మీద. ఇంకో చేతిలో నా కాగితాల చివరి పేజీ. దాని అడుగున చిన్న అక్షరాలతో: ఆర్. మెట్‌కాఫ్.

"నిన్నంతా," అంది. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "నిన్నంతా నా పక్కన నడుస్తూ, నా తిట్లు వింటూ, లోపల్లోపల నవ్వుకున్నావా నువ్వు?"

మీరు కాస్తా నువ్వయింది. ఇలా అవుతుందనుకోలేదు.

"నవ్వుకోలేదు. భయపడ్డాను. నీకు తెలిస్తే నాతో మాట్లాడవని..."

"ఇప్పుడు మాత్రం మాట్లాడతాననుకున్నావా?"

బయల్దేరాక కూడా ఆ గొడవ ఆగలేదు. కొండ ఎక్కుతున్నంతసేపూ ఆమె అనడం, నేను సర్దిచెప్పబోవడం. చివరికి క్లిఫర్డ్ విసిగిపోయాడు. "మీరు నింపాదిగా పోట్లాడుకోండి. నేను ముందు నడుస్తుంటాను. కాగితాల్లో రాసిన, టీ దొరికే ఆ రైతింట్లో కలుద్దాం." కాగితాలు పట్టుకుని వెళ్ళిపోయాడు.

పావుగంటకల్లా పొగమంచు దిగింది. పది అడుగుల అవతల ఏముందో తెలియదు. దారి నాకు కొట్టినపిండి కాబట్టి మేమిద్దరం రైతింటికి చేరాం. ఇంటావిడ కెటిల్ పొయ్యిమీద పెట్టి, "ఏ పెద్దాయనా? పొద్దుట్నుంచీ ఎవరూ రాలేదమ్మా," అంది.

బ్రయొనీ మొహం పాలిపోయింది.

నేను జేబులోంచి నా కాగితాల ప్రతి తీశాను. ఆ పేజీ చదివాను. 'గోడ మూల దగ్గరికి వచ్చాక, గోడ మీ కుడిచేతి పక్కన ఉండేలా నడవండి. ఎదురుగా రైతిల్లు కనిపిస్తుంది.'

కుడి కాదు. ఎడమ.

వాతావరణం బాగుంటే ఎదురుగా రైతిల్లు కనిపిస్తుంది, కుడి అన్న మాట ఎవరూ పట్టించుకోరు. మంచులో ఆ మాట నమ్మి నడిచినవాడు సరిగ్గా వెనక్కి, పాత రాతి క్వారీ అంచుకి చేరతాడు. ఇక క్లిఫర్డ్ అంటారా, ఒక్కో వాక్యాన్ని రైల్వే ఆర్డరులా పాటించే మనిషి.

"ఆయన ఎక్కడున్నాడో నాకు తెలుసు," అన్నాను. "పద."

ఇంటావిడ తాడూ టార్చీ ఇచ్చింది. గోడ మూల నుంచి, కుడిచెయ్యి రాళ్ళమీద ఉంచి, నా తప్పు వెంటే నేను నడిచాను. వెనక బ్రయొనీ నా కోటు పట్టుకుని ఉంది.  "నాన్నా!" అని ఆమె కేక వేసినప్పుడల్లా మంచు ఆ కేకని మింగేస్తోంది.

"ఎవరది? అక్కడే ఆగండి!" మంచులోంచి గట్టిగా వినిపించింది. "ముందు దారి లేదు!"

గోడ అక్కడ కూలిపోయి ఉంది. ఆఖరి రాయికి వీపు ఆనించి కూర్చుని, క్లిఫర్డ్ పంది మాంసం కూరిన పోర్క్ పై రొట్టె తింటున్నాడు. ఆయన బూట్లకి నాలుగడుగుల ముందు నేల లేదు.

"రైతిల్లు కనిపిస్తుందని రాశావు. కనిపించలేదు," అన్నాడు నన్ను చూసి. "సిగ్నల్ కనబడకపోతే బండి ఆపెయ్యాలి. ఆపేశాను."

బ్రయొనీ ఆయన మెడ చుట్టూ చేతులు వేసి భోరుమంది. నేను ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. "తప్పు నాదేనండీ. ఎడమ అని రాయాల్సింది కుడి అని రాశాను. మీకేమన్నా అయ్యుంటే..." 

క్లిఫర్డ్ చేతిలో మిగిలిన ముక్కని పక్కన పెట్టాడు.

"ఒకసారి నేనూ తప్పు మీట లాగాను బాబూ. ఎవరికీ ఏమీ కాలేదు, అదృష్టం. కానీ ఈ రోజుదాకా ఆ సంగతి మా ఆవిడతో కూడా అనలేదు. నువ్వు నా మొహం మీదే చెప్పావు." నా భుజం మీద చెయ్యి వేసి లేచాడు. "అమ్మాయ్, ఏడుపు ఆపి ఈ కుర్రాడికి ఆ మిగిలిన ముక్క పెట్టు. మనిషి తెల్లబోయి ఉన్నాడు."

బ్రయొనీ కళ్ళు తుడుచుకుని ఆ ముక్క నా నోటికి అందించింది. "తిను," అంది. "కాగితాలు తర్వాత తినిపిస్తాను."

ఆఖరి రోజు పొద్దున, ఊరి చివర బస్‌స్టాపులో నిలబడ్డాం. వాళ్ళు లీడ్స్ పోవాలి. నేను మళ్ళీ కొండెక్కాలి. సన్నగా తుంపర మొదలైంది. ఇద్దరం మంచు గురించి, బూట్ల గురించి మాట్లాడుకుంటున్నాం. అసలు మాట తప్ప అన్నీ వస్తున్నాయి నోటికి.

బస్సొచ్చింది. క్లిఫర్డ్ ఎక్కి, బ్రయొనీ సంచీ కూడా లాక్కుని, డ్రైవర్‌తో ఏదో అన్నాడు. తలుపు మూసుకుంది.

"నాన్నా! నేనింకా ఎక్కలేదు!"

ఆయన కిటికీ పైనున్న చిన్న అద్దం తెరిచాడు. "తెలుసమ్మా! తర్వాతి బస్సు నాలుగింటికి! రూఫస్, దాన్ని జాగ్రత్తగా తీసుకురా. రాత్రి భోజనం మా ఇంట్లోనే!"

బస్సు మలుపు తిరిగిపోయింది. బ్రయొనీ నోరు తెరిచి అటే చూస్తోంది. "మా నాన్న నన్నెప్పుడూ ఎక్కడా వదిలేసి వెళ్ళలేదు," అంది నెమ్మదిగా.

"బ్రయొనీ, ఒక మాట చెప్పాలి. ఎలా చెప్పాలో..."

"నిదానంగా చెప్పు. నాలుగింటిదాకా టైముంది."

చెప్పాను. మొదటి రోజు సూపు అడ్డం పడిన దగ్గర్నుంచి, మంచులో నా కోటు పట్టుకున్న ఆమె చెయ్యి దాకా అంతా చెప్పాను. నువ్వంటే నాకు ఇష్టమని కూడా, తడబడుతూ, రెండుసార్లు చెప్పాను.

ఆమె తడిసిన తన చెయ్యి తెచ్చి నా కోటు జేబులో, నా చేతి పక్కన పెట్టుకుంది.

నాలుగింటి బస్సెక్కాక డ్రైవర్ అడిగాడు: "ఎన్ని టికెట్లు?"

నేను నోరు తెరిచేలోగా బ్రయొనీయే చెప్పింది.

"రెండు. లీడ్స్‌కి."