ఆమె కంటికి కుదిరిన అద్దం

గట్టు మీంచి గుర్రం లాగే పడవ డెల్ఫ్ట్ చేరుతుంటే బీరు కాచే వాసన ముందుగా ఎదురొచ్చింది. లైస్బెత్‌కి ప్రాణం లేచొచ్చింది. అక్క పోతే ఆమె పిల్లల్ని పెంచడానికి హార్లెమ్ వెళ్ళిన మనిషి, వాళ్ళు రెక్కలొచ్చి ఎగిరాక ఇన్నేళ్ళకి తిరిగొస్తోంది. ఫ్లోరిస్‌కి ఈపాటికి పెళ్ళయిపోయే ఉంటుంది. కాకపోయుంటే? అదే తేలాలి.

అతనితో ఆమె పరిచయమే పోట్లాటతో మొదలైంది. ఆ రోజు సన్నగా వాన. నాన్న బట్టల దుకాణంలో లైస్బెత్ ఒక్కతే ఉంది. తడిసిన టోపీతో ఒకడొచ్చి, నారబట్ట అంచున ఒక పోగు లాగి, ఇత్తడి రేకులో పొదిగిన ఆవగింజంత గాజుపూసలోంచి చూశాడు. చిన్నదాన్ని పెద్దది చేసి చూపే అద్దం అది.

“పీచు లేస్తోందండీ.”

“ఏమయ్యా, బట్ట కొనడానికొచ్చావా, వంకలు పెట్టడానికా?”

“రెండింటికీ!” అని జేబులోంచి ఇంకో రేకు తీశాడు. “ఇది చూడండి. సీసా బిరడా. ఊదితే ఎగిరిపోయేంత పల్చగా కోశాను.”

ఫ్లోరిస్‌ది అదో పద్ధతి. చూడాల్సినదాన్ని రేకు వెనకున్న సూదిమొనకి జిగురుతో అంటించేస్తాడు. ఇంకోటి చూడాలంటే ఇంకో అద్దం చేసుకోవాల్సిందే.

లైస్బెత్ కన్ను ఆనించి కెవ్వుమంది. “అమ్మో, పాము! నల్లపాము!”

“అది మీ కనురెప్ప వెంట్రుకండీ.”

ఆమెకి తల కొట్టేసినట్టయింది. అతను నవ్వాపుకుంటూ సూదిని ముందుకీ వెనక్కీ జరిపే చిన్న స్క్రూని కొంచెం కొంచెంగా తిప్పాడు. కుట్టుపనితో ఆమె చూపు దగ్గరకే ఆనేది. అతని కంటికి కుదిరింది ఆమెకి కుదరదు.

“ఇప్పుడు? పోనీ, ఇప్పుడు?”

“ఆఁ! గదులు! తేనెపట్టులా ఎన్ని గదులో!”

“లండన్‌లో ఒక పెద్దమనిషి వాటికి గదులనే పేరు పెట్టాడట.”

“లోపల ఎవరూ లేరేం?”

“బిరడా అంటే చచ్చిన బెరడు కదండీ, అందుకే ఖాళీ. బతికున్న ఉల్లిపొరైతే గదిగదికీ రసం నిండి ఉంటుంది. అసలు మొక్కంతా ఇలాంటి గదులతోనే కట్టారేమోనని నా అనుమానం.”

“మరి మనుషులో?”

“మీ వేలు కాస్త కోయనిస్తే చూసి చెప్తాను.”

“నీ నాలుక కోసి చూసుకో! ఒక్క గదీ ఖాళీగా ఉండదు.”

ఆ తర్వాత వారం వారం ఏదో రిబ్బను ముక్క వంకతో వచ్చేవాడు. ఊళ్ళో ఆడపిల్లలెవరికీ లేనన్ని రిబ్బన్లు అతని పెట్టెలో చేరాయి. చెప్పాల్సిన మాట మాత్రం పెదవి దాటలేదు. ఆమె హార్లెమ్ వెళ్ళే రోజున కూడా ఒడ్డున నిలబడి టోపీ నలుపుతూ ఉండిపోయాడు. అడిగితే చెబుదామని ఆమె, చెబితే అడుగుదామని అతను. వాళ్ళ మొహమాటం తగలెయ్య, పడవ కాస్తా కదిలిపోయింది.

ఇప్పుడు అతని ఇంటి తలుపు తడితే, తీసింది అతనే. చెంపల దగ్గర జుట్టు నెరిసింది.

“లైస్బెత్!”

“మీ ఆవిడ లేదా ఇంట్లో?”

“ఉంటే కదా, ఇంట్లో ఉండడానికి!”

ఆమె గుమ్మం దాటింది. లోపల అలమరలో బోలెడు ఇత్తడి రేకులు. పాత బిరడాది ఎదురుగానే ఉంది. కిటికీ వెలుగుకి పట్టి చూసింది. గదులు స్పష్టంగా కనిపించాయి.

“స్క్రూ తిప్పకుండానే కుదిరిందే!”

“ఆ రోజు నీ కంటికి కుదిర్చిందే. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.”

“మరి నువ్వు చూసుకునేటప్పుడు?”

“నాకంతా మసకే. అయినా తిప్పబుద్ధి కాలేదు.”

ఇన్నేళ్ళూ ఈ మనిషి మసకని చూసుకుంటూ కూర్చున్నాడు! ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగి గదులన్నీ అలుక్కుపోయాయి. గబుక్కున స్క్రూ పట్టుకుని గిర్రున తిప్పేసింది.

“అయ్యయ్యో! తిప్పేశావేంటి!”

“నీ కంటికి కుదుర్చుకో. ఇంకా నా చూపు దాచుకోవడం దేనికి, మనిషినే వచ్చానుగా? ఈసారైనా నోరు విప్పుతావా, మళ్ళీ పడవెక్కమంటావా?”

“ఉండిపో,” అన్నాడు. అరచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. “ఖాళీ గదులు చూసింది చాలు. వంటింట్లో ఉల్లిపాయలున్నాయి, కొత్త అద్దం చేస్తాను.”

“ముందు ఉల్లిపాయ కొయ్యి,” అంది లైస్బెత్ చేతిరుమాలుతో ముక్కు తుడుచుకుంటూ. “ఇద్దరం ఎందుకేడుస్తున్నామని ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికుంటుంది.”