ఆకుపచ్చ చీటీ

ఆ మంగళవారం కెటిల్లో నీళ్ళు మరగకముందే జానిస్‌కి అలుపు వచ్చేసింది. వృద్ధాశ్రమంలో నిన్న తెల్లవారేదాకా చేసిన పన్నెండు గంటల పని ఇంకా నడుములోనే ఉంది. ఎదురుగా డెబ్భై తొమ్మిదేళ్ళ తండ్రి విల్ఫ్రెడ్ టోస్టు మీద మార్మలేడ్ రాసుకుంటున్నాడు. కారు పన్ను గడువు గుర్తు చేస్తూ వచ్చిన ఉత్తరాన్ని టీ కూజాకి ఆనించి పెట్టుకున్నాడు.

"ఇవాళ పోస్టాఫీసుకి వెళ్తున్నానమ్మాయ్. పన్ను కట్టే పనుంది."

"దానికోసం కొండ దిగాలా నాన్నా? ఫోన్లో రెండు నిమిషాల పని."

"రెండు నిమిషాల్లో గుడ్డు కూడా ఉడకదు."

"పన్ను కట్టినట్టు అద్దానికి అంటించే గుండ్రటి కాగితం ఎత్తేసి ఎన్నేళ్ళయింది! అక్కడికి వెళ్ళినా చేతికొచ్చేది ఒట్టి రసీదే."

"ఆ రసీదిచ్చే మనిషి ఉంటుందిగా. నీ ఫోను నన్నెప్పుడైనా మోకాలు ఎలా ఉందని అడిగిందా?"

జానిస్ టీ కప్పు వెనక ముఖం దాచుకుంది. ఆ రెండు నిమిషాల పని నిన్న మధ్యాహ్నమే అయిపోయింది. అయితే అది పన్ను కట్టే పని కాదు. బిస్కెట్ల డబ్బాలో తండ్రి దాచుకున్న లాగ్‌బుక్, అంటే కారు రిజిస్ట్రేషన్ కాగితం తీసి, అందులోని అంకెలు ఫోన్లో కొట్టి, ఈ బండి ఇకమీద రోడ్డెక్కదని తండ్రి పేరుతో ప్రభుత్వానికి తెలియజేసింది. ఒక్క మీట నొక్కితే సరిపోయింది. నొక్కేది ఎవరని ఎవరూ అడగలేదు.

నెల క్రితం గేటు స్తంభం కారు తలుపు మీద గీత పెట్టింది. పది రోజుల క్రితం బడి దగ్గర పిల్లల్ని రోడ్డు దాటించే సిల్వియా జానిస్ చెయ్యి పట్టుకుని, "మీ నాన్న బ్రేకు ఆలస్యంగా వేశాడమ్మా. ఎలాగైనా ఆపించు" అంది. యాభై ఎనిమిదేళ్ళుగా బండి నడుపుతున్న మనిషికి ఆ మాట ఎదురుగా చెప్పాలంటే ఎంత ఓపిక కావాలి? నొక్కినంత తేలిగ్గా చెప్పలేకపోయింది. స్నానం చేసి వచ్చి చెప్పేద్దామనుకుంది.

జుట్టు ఆరబెట్టుకుంటూ కిందికి దిగేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. కొక్కేనికి తాళాల్లేవు. వాకిట్లో ఎర్ర కారు లేదు.

గేటు దాకా పరిగెత్తింది. రోడ్డెక్కదని రాసిచ్చిన బండి రోడ్డు మీద ఉంది! ఒక్క పోలీసు కెమెరా నంబరు చదివితే చాలు. జీవితంలో ఒక్క జరిమానా ఎరగని మనిషిని నడిరోడ్డు మీద ఆపి నిలదీస్తారు. ఆయన్ని నేరస్థుణ్ణి చేసింది కూతురే. తండ్రికి ఫోన్ చేసింది. అది వంటింటి సొరుగులోనే మోగింది.

గంట గడిచింది. వాన మొదలైంది. కిటికీ దగ్గరే నిలబడిపోయింది జానిస్. చివరికి కొండదారి మలుపులో తడిసిన టోపీ ఒకటి కనబడింది. విల్ఫ్రెడ్ నడిచొస్తున్నాడు. కారు లేదు.

తలుపు తీసుకుని ఎదురు పరిగెత్తింది. "ఏమైంది నాన్నా? కారేది?"

"పోస్టాఫీసు వెనక వాకిట్లో పెట్టొచ్చాను. రోడ్డు మీద నడపకూడని బండట. కూడదంటే కూడదు. అందుకే నడిచొచ్చాను."

"మైలున్నర! ఈ వానలో!"

ఆయన కోటు విప్పలేదు. నీళ్ళు కారుతూ గడపలోనే నిలబడ్డాడు. "కౌంటర్లో నస్రీన్ కంప్యూటర్ చూసి, 'ఆక్రాయిడ్ గారూ, నిన్న మధ్యాహ్నం మీరే బండి పక్కన పెట్టేసినట్టు ఉందండీ' అంది. నా వెనక ఐదుగురున్నారు. నేనే చేశానట! నిన్న మధ్యాహ్నం నేను ఉల్లిపాయలు నాటుకుంటున్నా!"

"నేనే చేశాను."

"అదే అనుకుంటూ మైలున్నర నడిచాను. వేరే ఎవరో అయితే బాగుండునని."

జానిస్‌కి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "మరేం చెయ్యమంటావు? ఎవరి పిల్లనో గుద్దేసి వచ్చాక చెప్పమంటావా? అక్కడ ముసలాళ్ళని లేపాలి, కడగాలి, తినిపించాలి. ఇక్కడికొచ్చి నువ్వు తిరిగొస్తావా లేదా అని కిటికీకి అతుక్కుపోవాలి. అలిసిపోయాను నాన్నా. ఇంకో గొడవకి ఓపిక లేదు నాకు."

"గొడవ పడతానని ఎవరు చెప్పారు? అడిగి చూశావా?"

ఆయన లోపలి జేబులోంచి రొట్టె సంచీలో చుట్టిన కాగితాలు తీశాడు. లాగ్‌బుక్. దానికుండే ఆకుపచ్చ చీటీ, బండి చేతులు మారినప్పుడు కొత్త మనిషికి చింపి ఇచ్చేది. "చదువు" అన్నాడు.

కొత్త యజమాని అన్నచోట వణికే పెద్ద అక్షరాలతో ఉంది: జానిస్ ఆక్రాయిడ్. తేదీ ఇవాళ్టిది.

"బడి దగ్గర రోడ్డు దాటుతున్న ఆ పాప టోపీ పసుపుది. అంత పసుపు రంగు కూడా బాగా దగ్గరికొచ్చేదాకా కనబడలేదు నాకు. ఆ రోజు నుంచి కంటికి కునుకు లేదు. బండి చేతులు మారితే కొత్తవాళ్ళే మళ్ళీ పన్ను కట్టాలి కదా. అందుకే పోస్టాఫీసు. నస్రీన్ ఫోను అడిగి నిన్ను రమ్మందామని, ఆవిడ ముందు తాళాలు నీ చేతిలో పెడదామని. మొదటి కారుకి మీ అమ్మా నేనూ ఆ కౌంటర్ దగ్గరే పన్ను కాగితం తీసుకున్నాం. అక్కడే వదిలేద్దామనుకున్నా." టోపీ తీసి నీళ్ళు విదిలించాడు. "నేను ఇచ్చేలోపే నువ్వు తీసేసుకున్నావు తల్లీ."

జానిస్ ఆ చీటీ మళ్ళీ చదివింది. వృద్ధాశ్రమంలో రోజుకి ఇరవై మందిని, 'చొక్కా తొడగనా' అని అడిగిగానీ ముట్టుకోదు. కన్నతండ్రిని మాత్రం అడగలేదు. తడిసిన ఆ కోటు మీదే తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. కాసేపటికి ఆయన చెయ్యి ఆమె తల మీద పడింది.

"కౌంటర్ ఎన్నింటిదాకా ఉంటుంది?" అంది ముక్కు తుడుచుకుంటూ.

"పన్నెండున్నర."

"పదకొండూ నలభైకి బస్సుంది. ముందా మేజోళ్ళు మార్చుకో."

కారు ఇక జానిస్ నడుపుతుందని ఇన్సూరెన్సు వాళ్ళకి ఫోన్ చేసి, ఇద్దరూ ఒకే గొడుగు ఒళ్ళో పెట్టుకుని బస్సులో కొండ దిగారు. నస్రీన్ ఆకుపచ్చ చీటీ అందుకుని, అన్నీ తెలిసినా తెలియనట్టే, "కొత్త యజమాని ఎవరండీ?" అంది.

విల్ఫ్రెడ్ వెన్ను నిటారుగా చేశాడు. లైన్లో అందరికీ వినబడేలా, "మా అమ్మాయి" అన్నాడు.

పన్ను జానిస్ కట్టింది. రసీదు వచ్చింది. విల్ఫ్రెడ్ తాళాలు కూతురి అరచేతిలో పెట్టాడు. పెట్టాక కూడా ఒక్క క్షణం వదల్లేదు. తర్వాత వదిలేశాడు.

వెనక వాకిట్లో అలవాటుగా కుడివైపు తలుపు దాకా నడిచి, ఆగి, చుట్టూ తిరిగి ఎడమవైపు కూర్చున్నాడు. దారంతా మలుపు మలుపుకీ కుడికాలు నేలకి నొక్కాడు. ఇల్లు కనబడ్డాక, "గేటు దగ్గర నెమ్మది. ఎడమపక్క స్తంభముంది" అన్నాడు.

"తెలుసు నాన్నా."

"నాకూ తెలుసనే అనుకున్నానమ్మా" అన్నాడు విల్ఫ్రెడ్.