రాయికి మొలిచిన తొండం

మధ్యాహ్నం బెల్లు మోగినా సైన్సు గదిలోంచి ఒక్కరూ కదల్లేదు. బోర్డు మీద ఒక రాయి పుడుతోంది మరి!

అది అల్లాటప్పా రాయి కాదు. గ్రహాలన్నీ దాటి అవతలెక్కడో తిరిగే రాయి. ఎంత దూరమంటే, అక్కడికి నడిచి వెళ్దామని బయల్దేరినవాడి గడ్డం నెరిసి, రాలి, మళ్లీ నల్లగా మొలిచినా సగం దారి కూడా గడవదు. దాని ఆకారం ఏ టెలిస్కోపుకీ అందదు. కానీ నిన్న సాయంత్రం అది ఒక చుక్కకి అడ్డం వచ్చింది. అడ్డం ఉన్నంతసేపూ చుక్క మాయం. తప్పుకోగానే మళ్లీ ప్రత్యక్షం!

అలా అడ్డం వస్తుందని ముందే తెలుసు కాబట్టి సైన్సు మేడమ్ పిల్లలకి ఇంట్లో పెద్దవాళ్లని తోడిచ్చి, రోడ్డు పొడవునా ఒక్కో ఊరికి ఒక్కో టెలిస్కోపుతో పంపింది. ఇప్పుడు ఒక్కొక్కరి పేరున ఒక గీత గీస్తోంది. చుక్క కనపడినంతసేపూ గీత, మాయమైనంతసేపూ ఖాళీ. ఒక్కో ఊరివాళ్లకి రాయిలో ఒక్కో ముక్క అడ్డం వస్తుంది కాబట్టి, ఖాళీలన్నీ ఒకదాని కింద ఒకటి పేరిస్తే రాయి ఆకారం తేలుతుంది.

"నత్తా, నీకెంతసేపురా?"

నత్త అనే కుర్రాడు తీరిగ్గా లేచాడు. "మూడు సెకన్లు మేడమ్."

"టముకూ, నీకు?"

ఏ సంగతైనా పదిమందికీ చాటిందాకా నిద్రపట్టని పిల్ల కాబట్టి ఆమెకా పేరు. ఇవాళ మాత్రం బల్ల పట్టుకుని మెల్లిగా లేచింది.

నిన్న ఆమె ఆఖరి ఊళ్లో, బాబాయి పనిచేసే బస్సుల షెడ్డు డాబా మీద, టెలిస్కోపుకి కన్ను అతికించి కూర్చుంది. చుక్క కదల్లేదు, మెదల్లేదు. దర్జాగా వెలుగుతూనే ఉంది. ఇంతలో ఫోన్లు!

"మాయమైందే!"

"మాకూ మాయమైంది!"

టముకుకి తల కొట్టేసినట్టయింది. "మాకైతే ఐదు సెకన్లు!" అని అరిచేసింది. బాబాయి కింద బస్సు టైరు మారుస్తున్నాడు, వినలేదు.

"ఐదు," అంది ఇప్పుడు, నేల చూపులు చూస్తూ.

మేడమ్ గీత గీసింది. అంతవరకూ కోడిగుడ్డులా నున్నగా వస్తున్న రాయికి, అడుగున తొండం లాంటిది పొడుచుకొచ్చింది!

"అబ్బ! ఇలాంటి రాయిని నేనెక్కడా చూళ్లేదర్రా!" మేడమ్ ఫోను తీసింది. "ఫొటో తీసి అబ్జర్వేటరీకి పంపిస్తాను. వాళ్లు లెక్కలన్నీ దీన్నిబట్టే కడతారు."

"తొండం ఉంటే తోక కూడా ఉంటుందేమో మేడమ్!" అన్నాడు నత్త. అందరూ పకపకా నవ్వారు.

టముకు నవ్వలేదు. అంత దూరపు రాయి అసలు మొహం ఎలా ఉంటుందో చూడాలని ఆమెకీ ఉంది. ఆ తొండం రాయిది కాదు. తనది.

"మేడమ్, తీయకండి! నాకు చుక్క మాయం కాలేదు. అబద్ధం చెప్పాను."

"ఓసి నీ దుంపతెగ! మా అందరి కష్టం గంగలో కలిపేదానివే!" అన్నాడు నత్త.

మేడమ్ మొహం ఒక్క క్షణం ముడుచుకుంది. అంతలోనే కళ్లు పెద్దవయ్యాయి. "అసలు మాయమే కాలేదా?"

"లేదు మేడమ్."

"పిచ్చిపిల్లా, ఆ మాట నిన్ననే చెప్పొద్దూ! పక్క ఊళ్లో మాయమైంది, నీ దగ్గర కాలేదు. అంటే రాయి నీడ అంచు పడింది మీ రెండూళ్ల మధ్యే. నువ్వు చెప్పకపోతే అది ఎక్కడిదాకా ఉందో మాకెలా తెలుస్తుంది? రా, నువ్వే గియ్యి."

టముకు అరచేత్తో తొండం తుడిచేసింది. తిన్నగా గీత మొదలుపెట్టింది. మిగతావాళ్ల ఖాళీలకి బాగా ఎడంగా ఉండగానే చెయ్యి ఆగింది.

"మళ్లీ ఏమైందే?"

"ఇక్కడ నాకు తుమ్మొచ్చింది మేడమ్. కళ్లు మూసుకున్నాను."

క్లాసంతా గొల్లుమంది. తను చెప్పకపోతే ఆ డాబా మీద తుమ్మినట్టు ఈ లోకంలో ఇంకెవరికీ తెలిసేదే కాదు. టముకు చెవులు ఎర్రబడ్డాయి. అయినా చిటికెడు ఖాళీ వదిలి, దాని మీద 'తుమ్ము' అని గుండ్రంగా రాసింది. అక్కణ్నుంచి గీతని ఎక్కడా తెగకుండా బోర్డు చివరిదాకా లాగింది.

"ఇప్పుడు తీయండి మేడమ్," అంది.