ఆసరా: సున్నా

తలుపు వెనక, బట్టల కొక్కెం కింద ఓదేలు అతికించుకున్న కాగితంలో ఆ రోజు పనులు ఇలా ఉన్నాయి:

ఐదింటికి కిటికీ రెక్క సగం తెరవాలె. ఎల్తురు మొకం మీద పడితే తనే లేస్తది. పిలువద్దు.
అన్నం, పప్పుచారు వండి మీద పళ్ళెం బోర్లియ్యాలె. తను లేవకముందే బయటికి పోవాలె.
చెప్పులు చేత పట్టుకొని నడవాలె.
దగ్గొస్తే మల్లక్క గోడ అవతలికి పోయి దగ్గాలె.
నీలం డ్రెస్సు ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టాలె.
పదింటికి ప్రవేశ కేంద్రం. వేరే బస్సుల పోవాలె. రోడ్డుకు అవతల నిలబడాలె.
ఏలుముద్ర అయ్యేదాక మాట్లాడద్దు.
అయినంక మాట్లాడొచ్చు.

చివరి వాక్యం కింద రెండు గీతలు గీసి ఉన్నాయి.

ఇరవై నెలల అలవాటు కాబట్టి మొదటి ఐదు పనులూ ఒక్క పొరపాటు లేకుండా జరిగిపోయాయి. ఇస్త్రీ చేసిన బట్టలు కుర్చీ మీద పెట్టి, చెప్పులు చేతిలో పట్టుకుని ఓదేలు గుమ్మం వైపు నడిచాడు. కూతురు రవళి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆమె మెడలో నల్లదారానికి కట్టిన సాయమాని ఆకుపచ్చగా వెలుగుతోంది. చింతగింజంత బిళ్ళ అది. ఇంటి దగ్గర నాలుగు బారల లోపల ఎవరైనా నిమిషం పాటు ఉంటే పసుపుపచ్చగా మారుతుంది. ఓదేలు ఏ పని మీద వచ్చినా నలభై సెకన్లలో బయటపడతాడు. వంట పెరట్లో, పడక వసారాలో.

సాయమాని వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. అంతకుముందు కాలేజీ సీట్లకు ప్రవేశ పరీక్షలు ఉండేవి. స్తోమత ఉన్నవాళ్ళు పిల్లల చెవుల్లో గుసగుసలాడే బోధనాయంత్రాలు పెట్టించారు. ఇంటికి ముగ్గురేసి పంతుళ్ళను కుదుర్చుకున్నారు. ఏ మార్కు పిల్లదో, ఏ మార్కు పిల్ల వెనక ఉన్నవాళ్ళదో విడదీయడం ఎవరివల్లా కాలేదు. అప్పుడు నిపుణులు కూర్చుని ఈ బిళ్ళను తయారుచేశారు. ఇంటర్ రెండేళ్ళూ విద్యార్థి దాన్ని మెడలో వేసుకోవాలి. బడి బయట ఎవరు పాఠం చెప్పినా అది వింటుంది, తూస్తుంది, ఆ మేరకు మార్కుల్లో కోత వేస్తుంది. ప్రవేశయంత్రానికి ఇంటిపేరు చూపరు, ఊరు చూపరు, తల్లిదండ్రుల పేర్లు చూపరు. పిల్ల ఎవరి పిల్లో దానికి తెలియకూడదు. ఉద్దేశం మంచిదే.

రవళి ఇంటర్‌లో చేరిన మొదటి నెలలో ఒక సాయంత్రం లెక్క తెగక పెన్ను కొరుకుతూ కూర్చుంది. స్తంభం నీడ ఇంత పొడవుంటే స్తంభం ఎత్తు ఎంత అన్నది లెక్క. గోదావరిఖనిలో బొగ్గు బాయి పూడ్చిన నేల మీద పరిచిన సూర్యపలకలను కడగడం, ఋతువు మారినప్పుడల్లా వాటి వాలు సరిచేయడం ఓదేలు పని. నీడలతోనే అతని బతుకు. పుస్తకంలోకి తొంగిచూసి నవ్వాడు.

“గింత దానికి గంత ఆలోచనా బిడ్డా? జానెడు కట్టె నిలబెట్టి దాని నీడెంతనో చూడు. గా లెక్కనే స్తంభానికి. అయిపాయె!”

వేళ్ళు చాపి బల్ల మీద జాన కొలిచి చూపించాడు. బిళ్ళ ఎర్రగా వెలిగింది. “తోడ్పాటు నమోదైంది. కోత: సున్నా పాయింటు నాలుగు,” అంది ఆడగొంతుతో.

రవళి పకపకా నవ్వింది. “బాపూ, నువ్వు నాకు పంతులువైనవంట!”

ఓదేలు నవ్వలేదు. కిందటేడు పక్క వీధి పిల్లకు సున్నా పాయింటు మూడు తక్కువై సీటు పోయింది. అతను నియమాల పుస్తకం తీశాడు. ఏడో తరగతితో చదువాపిన మనిషి. వేలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ రెండు రోజులు చదివి తొమ్మిదో పేజీ చేరాడు. ‘విద్యార్థి సమీపమున గల వ్యక్తుల మాట, సంజ్ఞ, సమక్షము నమోదు చేయబడును.’ పుస్తకం అక్కడే మూసేశాడు.

మరునాడు రవళి కంచం కింద ఒక చీటీ ఉంది. ‘బిడ్డా, నీ సీటు అయ్యేదాక నేను నీతోని మాట్లాడ. కోపం గాదు.’

రవళి తల్లి సుగుణ, పిల్ల నాలుగేళ్ళదిగా ఉన్నప్పుడే పోయింది. ఆ ఇంట్లో మాట్లాడుకోవడానికి ఉన్నది వాళ్ళిద్దరే. రవళి ఏడ్చింది, అలిగింది, వసారాలోకి వచ్చి “ఒక్క మాట బాపూ!” అని అరిచింది. ఆమె ఒక్కో అడుగు ముందుకు వేస్తే అతను ఒక్కో అడుగు వెనక్కి వేశాడు. నెల తిరిగేసరికి ఆమే మానేసింది. పక్కింటి మల్లక్క పిల్లను పలకరించబోతే ఆమెకూ దండం పెట్టి ఆపాడు. బడిలో మాటలను బిళ్ళ వేరే లెక్కలో వేసుకుంటుంది కాబట్టి ఆ పిల్ల ఏ నాలుగు మాటలు మాట్లాడినా బడిలోనే మాట్లాడాలి.

సీటు తేలే ఆ రోజు పొద్దున కుళాయి దగ్గర మల్లక్క అతన్ని పట్టుకుంది.

“ఏం ఓదేలు బావా, ఇయ్యాలనన్న నోరు తెరుస్తవా? తాళంచెయ్యి యాడన్న పారేసుకున్నవా?”

“మెల్లగ మాట్లాడు మల్లక్కా. పిల్ల లేస్తది.”

“నీ బిడ్డ యాడ, నేన్యాడ! గా బిళ్ళకు గంత చెవులున్నయా? సరే గని, ముందుగాల ఏం మాట్లాడుతవ్?”

ఓదేలు తల గోక్కున్నాడు. చాలా రోజులుగా అదే ఆలోచన. పలకలు కడుగుతూ తనలో తను అనుకుని చూసుకున్న మాటలు ఎన్నో ఉన్నాయి. ఒక్కటీ సరిగా కుదరలేదు.

“తిన్నవా బిడ్డా అంట,” అన్నాడు చివరికి.

“ఓరి నీ! ఇరవై నెలలు కూడబెట్టి గదేనా తీసేది?” అంది మల్లక్క. కానీ నవ్వు సగంలోనే ఆగి, కొంగుతో ముక్కు తుడుచుకుని బిందె ఎత్తుకుంది.

ప్రవేశ కేంద్రం పాత సినిమాహాలులో ఉంది. రవళి ముందు బస్సులో వచ్చింది. ఓదేలు తర్వాతి బస్సు దిగి, రోడ్డుకు అవతల సైకిళ్ళ షెడ్డు కింద నిలబడ్డాడు. రవళి కోరుకున్నది వరంగల్ జలవిద్యా కళాశాల. భూమిలోకి ఇంకిన నీటిని వెతికే చదువు అది. నాలుగు జిల్లాలకు కలిపి మూడు వందల సీట్లు.

లోపల ఉద్యోగిని ఇందుమతి తెర మీద రవళి వివరాలు తెరిచి చాలాసేపు చూసింది.

“సీటు వచ్చిందమ్మా. ఒంటరి విభాగంలో మూడో స్థానం.”

“ఒంటరి విభాగమా?”

“ఇంట్లో ఎవరూ లేని పిల్లలకు. నీ సాయమానిలో ‘ఆసరా’ గడి సున్నా చూపిస్తోంది. మొదటి నెల లెక్కలోకి తీసుకోరు. ఆ తర్వాత ఇరవై నెలల్లో ఒక్క మాట లేదు, ఒక్క మనిషి లేడు. నేను ఈ కుర్చీలో ఆరేళ్ళ నుంచి ఉన్నాను. అనాథ పిల్లలకు కూడా సున్నా చూడలేదు.”

“మా బాపు ఉన్నడు మేడం. రోడ్డవతలనే నిలబడ్డడు.”

ఇందుమతి లేచి వాకిలి దాకా వెళ్ళి, షెడ్డు కింద ఉన్న మనిషిని చేత్తో పిలిచింది. ఓదేలు పరుగున రోడ్డు దాటి వచ్చి, బిళ్ళకు నాలుగు బారల అవతల, తలుపు దగ్గరే ఆగిపోయాడు.

“మీరు అమ్మాయితో ఎందుకు మాట్లాడలేదు?” అని అడిగింది ఇందుమతి.

ఓదేలు బిళ్ళ వైపు చూశాడు, నోరు తెరవలేదు. రవళే జవాబు చెప్పింది. “మార్కులు కోస్తదని మేడం. తొమ్మిదో పేజీల ఉన్నదని.”

ఇందుమతి తిరిగి వచ్చి కుర్చీలో కూర్చుంది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. “కోత పాఠం చెబితేనే. పక్కన కూర్చుంటే, తిన్నావా అంటే, కోత ఉండదు. అవి ఊరికే ఆసరా గడిలో రాసుకుంటుంది. ముప్పై ఒకటో పేజీలో ఉంది అది.”

ఓదేలు ముఖంలో ఏ మార్పూ కనిపించలేదు. కుడిచెయ్యి మాత్రం తలుపు చట్రం మీద జాన వేసి కొలవడం మొదలుపెట్టింది. ఒక జాన, రెండు జానలు. కలత కలిగితే అతని చెయ్యి అలాగే చేస్తుంది.

“ఇప్పుడు జాగ్రత్తగా వినండి,” అంది ఇందుమతి. “మీరు తండ్రినని ఇక్కడ వేలిముద్ర వేస్తే రికార్డు సరిదిద్దుతాను. అది మీ హక్కు. కానీ అప్పుడు అమ్మాయి సాధారణ జాబితాలోకి వెళుతుంది. అక్కడ ఆమె స్థానం నాలుగు వందల పన్నెండు. సీటు రాదు. వేయకపోతే సీటు ఉంటుంది. అయితే కాలేజీ లెక్కలో ఆమెకు ఎవరూ లేనట్టే. ఒంటరి విభాగం పిల్లల్ని పరాయివాళ్ళు ఎవరైనా వచ్చి మోసం చేస్తారని ఆ నాలుగేళ్ళూ సందర్శకులను రానివ్వరు. సెలవుల్లో కూడా హాస్టల్‌లోనే ఉండాలి. పన్నెండింటిలోపు తేల్చాలి.”

గోడ గడియారంలో పదకొండూ నలభై.

“ఏలు పెట్టు బాపూ,” అంది రవళి. “వచ్చే ఏడు మళ్ళ చూద్దాం.”

వచ్చే ఏడు అంటూ లేదని ఆమెకూ తెలుసు. సాయమాని ఒక్కసారే కడతారు.

ఓదేలు ఆమె వైపు చూడలేదు. ఇందుమతి వైపే చూస్తూ, ఇరవై నెలల తర్వాత, కూతురు వినేలా మొదటి మాట మాట్లాడాడు.

“నేనెవ్వల్ని గాదు మేడం. పలకలు కడిగేటోణ్ణి. తోవల పోతున్న, పిలిస్తే వచ్చిన.”

 బల్ల అంచు మీద రవళి చెయ్యి జాన వేసి కొలుస్తోంది. ఒక జాన, రెండు జానలు. ఇందుమతి ఆ చేతిని చూసింది. తలుపు చట్రం మీది చేతిని చూసింది. తర్వాత కళ్ళు తెరమీదికి తిప్పుకుంది.

“సరే. మీరు వెళ్ళొచ్చు,” అంది.

ఓదేలు వెనక్కి తిరిగి నడిచాడు. గుమ్మం దాటేటప్పుడు అలవాటు కొద్దీ వంగి చెప్పులు చేతిలోకి తీసుకోబోయి, అవి కాళ్ళకే ఉన్నాయని గుర్తొచ్చి ఆగి, వెళ్ళిపోయాడు.

రవళి కళ్ళు తుడుచుకోలేదు. “మేడం, ఈ కాగితంల నేను రాసుకునేందుకు జాగ ఏమన్న ఉన్నదా?”

ఇందుమతి ఆఖరి పేజీ తిప్పి చూపించింది. అడుగున నాలుగు వరుసల గడి ఒకటి ఉంది. పైన ‘ఏమైనా చెప్పదలచినచో’ అని అచ్చు వేసి ఉంది.

“యంత్రం దీన్ని చదవదు,” అంది ఇందుమతి. “మనుషులు చదువుతారని పెట్టారు. నేను వచ్చాక ఎవరూ చదవగా చూడలేదు.”

“అయితే మంచిదే,” అని రవళి పెన్ను అందుకుంది. పన్నెండు కావస్తుండగా రాయడం ముగించి, పక్కన వేలిముద్ర వేసింది. ఇందుమతి నల్లదారం కత్తిరించి బిళ్ళను డబ్బాలో పడేసింది. అందులో పడ్డాక కూడా అది కాసేపు ఆకుపచ్చగానే వెలిగింది.

యంత్రం తన పని తాను సరిగ్గానే చేసింది. తండ్రి మాట్లాడి ఉంటే ఆ పిల్ల సీటుకు అడ్డున్న నూట పన్నెండు మందిని దాటేదా, లేదా అన్నది దానికి తెలియదు. నోరు మూసుకోవడం కూడా ఒక తోడ్పాటేనని దాన్ని చేసినవాళ్ళకు తట్టలేదు. ఒక మనిషి తన ఉనికిని ఇంత శుభ్రంగా తుడుచుకుంటాడని ఎవరూ అనుకోలేదు.

షెడ్డు కింద ఓదేలు నిలబడే ఉన్నాడు. రవళి రోడ్డు దాటి, నాలుగు బారల దూరంలో తన కాళ్ళే ఆగిపోతే, వాటిని బలవంతంగా కదిలించి దగ్గరికి వచ్చింది. ఓదేలు ఒక అడుగు వెనక్కి వేశాడు. వెనక సైకిళ్ళు ఉన్నాయి, ఇంక జరగడానికి చోటు లేదు.

అతను నోరు తెరిచాడు. పెదాలు కదిలాయి, మాట రాలేదు.

“తిన్న బాపూ,” అంది రవళి. “నువ్వు పెట్టింది తినే వచ్చిన.”

జూన్‌లో ఆమె వరంగల్ వెళ్ళింది. కాలేజీ దస్త్రంలో సంరక్షకుల గడిలో ‘లేరు’ అని ఉంది. అదే దస్త్రం ఆఖరి పేజీలో, యంత్రం చదవని ఆ నాలుగు వరుసల గడిలో, కిక్కిరిసిన అక్షరాలతో ఇలా ఉంది:

‘నాకు ఎవరూ లేరని ఇందులో రాసి ఉంది. ఇంటర్ మొదటి ఏడు నాకు మూడు రోజులు జ్వరం వచ్చింది. నేను నిద్రపోతున్నానని అనుకుని ఒక మనిషి లోపలికి వచ్చి, నుదుటి మీద తడిగుడ్డ మార్చి, నలభై సెకన్లకు బయటికి పోయేవాడు. మళ్ళీ వచ్చేవాడు. తెల్లవార్లూ. నేను నిద్రపోలేదు. ఆయన పేరు గాదె ఓదేలు. ఇది చదువుతున్న మీరు ఎవరైనా సరే, ఆ పేరు గుర్తుపెట్టుకోండి.’