ఉస్తా షలబీ జిగురు గిన్నె

ఈజిప్టులోని మా దమియెట్టాలో ఏ వీధిలో నిలబడినా రంపపు పొట్టు వాసనే. ఊరంతా వడ్రంగమే. మూతపడ్డ కొట్ల నుంచి పాత చిత్రికలు, ఉలులు కొని తెచ్చుకుంటాను. తుప్పు వదిలించి, కొత్త పిడులు వేసి, వాటితోనే పని చేస్తాను. తుప్పంటే నాకు రోత లేదు. దాని కింద ఇనుము ఉంటుందని తెలుసు. మగవాళ్ళ విషయంలో ఆ భరోసా లేదు.

నాకు లేనిదల్లా సొంత కొట్టు. ఆడదానికి కొట్టు ఇవ్వడానికి వీధిలో ఎవరికీ చేతులు రాలేదు. కాఫీ బల్లల దగ్గర నన్ను చూసి, తఫీదాకి రంపమెందుకు, నాలుకుంది కదా అని నవ్వుకునేవారు.

అలాంటప్పుడు ముసలి మేస్త్రీ ఉస్తా షలబీ, చూపు మందగించి, కొట్టు వదిలేస్తానన్నాడు. నా జిగురుతో ఒక కుర్చీ అతికించు, రేపొచ్చి కూర్చుంటాను, కిర్రుమనకపోతే తాళాలు, పనిముట్లు నీవే అన్నాడు. మాట్లాడుతున్నంతసేపూ వేలికి ఉమ్ము తడి చేసుకుని తెల్లమీసం కొసలు మెలితిప్పాడు.

తోళ్ళూ ఎముకలూ ఉడికించి తీసిన జిగురు నిలవుంటే కుళ్ళుతుంది. అందుకే అందరూ గిన్నె కడిగేస్తారు. ఉస్తా మాత్రం ఎన్నడూ కడగనివ్వలేదు. పాతదాని మీదే కొత్తది.

"అడుగు గీకావంటే నా జిగురు చచ్చిపోతుంది, అమ్మాయీ."

ఆ జిగురు ఉడికించే పని మొదట్లో ఆయన భార్యదట. ఆమె పేరడిగాను.

"హిలాల్ తల్లి."

"అది మీ అబ్బాయి పేరు కదా, ఉస్తా. ఆమె ఎక్కడుంది?"

మీసం మీద వేలు ఆగింది. "పుట్టింటికి పోయింది. చాలా కాలమైంది."

భార్య పేరు బజార్లో పలకకపోవడం మర్యాద అంటారు మావాళ్ళు. ఆ మర్యాద కింద ఎవరినైనా పాతిపెట్టొచ్చు.

మధ్యాహ్నం ఎడారి గాలి లేచింది. ఆకాశం పసుపు తిరిగి, ఆపైన మట్టిరంగైంది. కరెంటు పోయింది. ఉస్తా ఇంటికి పోయాడు; ఆయన కొట్టులో నేనొక్కదాన్నే, తలుపులు మూసి బొగ్గుల కుంపటి రాజేశాను. నీళ్ళ గిన్నెలో జిగురు గిన్నెను దించాను. దాని అంచు నుంచి ఎండిన జిగురు చొంగలా వేలాడుతోంది. చచ్చిన ఈగలు అందులోనే గట్టిపడిపోయాయి. వేడెక్కేకొద్దీ ముందు గిట్టల వాసన. తర్వాత తడిసిన ఉన్ని వాసన. ఆ తర్వాత... నూనె రాసి చాలా రోజులు కడగని తల వాసన.

పుల్లతో తిప్పాను. ఏదో చుట్టుకుంది. లాగాను.

వెంట్రుక. పొడుగ్గా... గోరింటతో ఎర్రగా.

లాగుతూనే ఉన్నాను. తెగలేదు. వెచ్చగా, జారుతూ నా మణికట్టుకి అంటుకుంది. దాని కొసన ఒక గోరు ఊగింది. చిన్న గోరు. అది కూడా ఎర్రగానే ఉంది.

"ఎవరు నువ్వు?" గుసగుసగా అడిగాను.

గిన్నెలో బుడగ లేచింది. పెదవులు విడిపడినట్టు చప్పుడు.

"అతికించు..."

కాలవలో పారబోయొచ్చు. దాంతో కొట్టూ పోతుంది. ముక్కు బిగబట్టి, బ్రష్ ముంచాను. నేను బిగించకముందే కుర్చీ కాళ్ళు వాటంతటవే సందుల్లోకి దూరాయి. ఆకలిగా ఉన్నట్టు.

మర్నాడు ఉస్తా వచ్చి కూర్చున్నాడు. కుర్చీ కిర్రుమనలేదు. తాళాలు నా ఒళ్ళోకి విసిరాడు. లేవబోయాడు.

లేవలేకపోయాడు.

మోకాళ్ళ నొప్పులని నవ్వాడు. మళ్ళీ ప్రయత్నించాడు. ఈసారి నవ్వలేదు. కుర్చీ మీద జిగురు చుక్క లేకుండా నేనే తుడిచాను. ఇప్పుడు సందుల్లోంచి అది ఊరుతోంది... గోధుమరంగులో, వెచ్చగా... కుర్చీ చేతుల మీదకి పాకి ఆయన అరచేతుల కిందకి పోతోంది.

నేను కదల్లేదు.

ఆయన తల వంచి కుర్చీతో మెల్లగా ఒక పేరు అన్నాడు. ఆ పేరు వీధిలో ఎవరూ విని ఉండరు.

"నబవియ్యా... వదులు."

వదిలింది. అరచేతుల తోలు కొంత కర్రకే ఉండిపోయింది. ఆయన వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

ఇప్పుడు కొట్టు నాది. గిన్నెను అడుగుదాకా గీకాను. సోడా వేసి మరిగించాను. రాగి తళతళలాడేదాకా తోమి, గోడ మేకుకి బోర్లా తగిలించాను.

నిన్న హిలాల్ అటుగా పోతుంటే వాళ్ళ నాన్న ఎలా ఉన్నాడని అడిగాను.

"అత్త ఇంటికి పోయాడు. అలెగ్జాండ్రియాకి." నా మొహంలోకి చూడలేదు.

"ఎప్పుడొస్తాడు?"

భుజాలెగరేశాడు.

ఈ పొద్దున మేకు మీంచి గిన్నె తీశాను. వెచ్చగా ఉంది. అడుగున వేలెడు మందాన కొత్త జిగురు, బోర్లా ఉన్నా కారకుండా. పుల్ల పెట్టాను. ఏదో తగులుకుంది.

పొట్టి వెంట్రుకలు. తెల్లగా, బిరుసుగా... కొసలు పైకి మెలితిరిగి, ఇంకా ఉమ్ము తడితో.